ఆర్ట్సు కళాశాల కీర్తి యెందున్నది?

(నల్లగొండలో పఠనమందిర సభ్యుల యెదుట చేసిన ఉపన్యాసము)



హైదరాబాదునకు పోయిన మన నల్లగొండ, పాలమూరు వాసులలో ఉస్మానియా ఆర్ట్సు కళాశాలను చూచి ఆశ్చర్యపడనివా రరుదు. 1934లో శంకుస్థాపన జరిగి, 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభమైన ఆ రాతిమందిరమున గుహాలయముల స్తంభరీతియు, మహమ్మదీయుల తోరణరీతియు ఒక్కచో నొదిగి యున్నవి. కాని విద్యాలయపు కీర్తి రాతిలో లేదు. ఎవరికి, ఏ భాషలో విద్య నొసగె ననుటలో నున్నది.

1919లో తరగతు లారంభమైనప్పుడు ఉన్నతవిద్యకు ఆంగ్లమే శరణ్యమని దేశమంతయు నమ్మియుండెను. అట్టితరి ఉర్దూలో సకలశాస్త్రములను బోధింప సాహసించుట ఉస్మానియా ఘనత. అందులకై 1917లోనే అనువాదశాఖను నెలకొల్పి, వందలకొలది గ్రంథములను తర్జుమా చేయించిరి. ఈ ఘనతను మనము కాదనరాదు.

అయితే మన యూళ్ల రైతుబిడ్డకు ఉర్దూయు ఇంటిభాష కాదు. రాయప్రోలు సుబ్బారావుగారివంటి మహాకవి యచట తెలుగు బోధించెను; కాని చరిత్రమును, తర్కమును తెలుగున వినుభాగ్యము విద్యార్థికి లేకపోయెను. తెలంగాణమున కవులే లేరన్న నిందకు ప్రత్యుత్తరముగా 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించినది విశ్వవిద్యాలయము కాదు. మన పాలమూరు బిడ్డ, పత్రికాసంపాదకుడు, సురవరము ప్రతాపరెడ్డిగారు! 1938లో వందేమాతరము పాడినందుకు బహిష్కృతులైన విద్యార్థు లనేకులు నాగపురమునకు పోయి చదువు సాగించిరి. ఇదియు ఆ విద్యాలయ చరిత్రయే. కీర్తిని చెప్పునప్పుడు దీనిని దాచరాదు.

1948 తరువాత ఉర్దూస్థానమును ఆంగ్ల మాక్రమించెను. ప్రభుత్వము మారెను, తెలుగుబిడ్డకు పరభాష తప్పలేదు. పిదప డిగ్రీ తరగతులలో తెలుగు ప్రవేశించినను, దానికి తగిన గ్రంథసంపత్తి సమకూరలేదు. 1969లోను, 2009లోను ఆ కళాశాల ముంగిట యువకులు ప్రత్యేకరాష్ట్రమునకై గుమిగూడిరి. 2014లో రాష్ట్రము వచ్చినది. భాషకు రావలసినది యింకను మిగిలియున్నది.

2007లో నల్లగొండకు మహాత్మాగాంధి విశ్వవిద్యాలయము, 2008లో మహబూబునగరమునకు పాలమూరు విశ్వవిద్యాలయము వచ్చినవి. ఇవి ఉస్మానియా తోరణముల ననుకరింప నక్కరలేదు. దాని అనువాదశాఖ ననుకరించిన చాలును. నూరేండ్లకు పూర్వము ఉర్దూకు సాధ్యమైనది నేడు తెలుగున కేల అసాధ్యము? సోదరులారా, ఈ ప్రశ్నను మన విశ్వవిద్యాలయాధికారులను అడుగుడు. అడుగుటకు ముందు, ఈ మందిరపు బీరువాలో తెలుగు శాస్త్రగ్రంథము లెన్ని యున్నవో మనమే లెక్కించుకొందము.