కీళ్లవాపు – నిపుణుని చేరవలసిన వేళ



మైపాడు మొదలు జువ్వలదిన్నె వఱకు మన నెల్లూరు తీరమున ఏ యరుగుమీద కూర్చున్నను కీళ్లనొప్పుల ప్రసంగము వినబడును. “వయసు మీఱినది, వాతము” అని సరిపుచ్చుకొందుము. వయసుచేత అరిగిన మోకాలు వేఱు. వ్యాధిచేత వాచిన వ్రేళ్లు వేఱు. మొదటిదానికి ఊరి డాక్టరో ఎముకల డాక్టరో చాలును. రెండవదానికి రుమటాలజిస్టు అనెడి కీళ్లవాత నిపుణుడు కావలయును.

ఈ భేదమును మన పూర్వు లెఱుగకపోలేదు. మాధవకరుడు తన నిదానగ్రంథమున ఆమవాతమునకు ప్రత్యేక ప్రకరణమే వ్రాసెను. నేటివారు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనునది దానికి చాలవఱకు పోలికగా నుండును. దేహమును కాపాడవలసిన శక్తియే త్రోవ తప్పి కీళ్లపై తిరుగబడుట యిందలి చిక్కు. ఇది ముదుసలులనేగాక నడివయసు స్త్రీలను సైతము పట్టును. పురుషులకంటె స్త్రీలకే యెక్కువ.

తెల్లవాఱి లేచునప్పటికి పిడికిలి ముడువరాదు. ఆ బిగువు అరగంటకు మించి నిలిచి, మెదలిన కొలది సడలును. అరిగిన మోకాలి తీరు వేఱు: పనిచేసిన కొలది నొచ్చును, కూర్చున్న తగ్గును. రెండుచేతుల వ్రేళ్ల మొదళ్లును వాచియుండి, మెల్లగా కలిపి నొక్కినంతనే రోగి చేయి లాగుకొన్నచో ఇక జాగు చేయరాదు. వాపు పుట్టిన 6 వారములలో నిపుణుడు చూడవలెననియు, 3 నెలలలోపుననే మందు మొదలిడుట మేలనియు యూరపు నిపుణుల సంఘము చెప్పుచున్నది. రక్తపరీక్షలో ఏమియు తేలలేదని ఆగవలదు. వ్యాధి యుండియు పరీక్ష తేటగా వచ్చుట కలదు.

మా యూర రొయ్యలు ఒలుచు కూలికి పోవు ఇల్లాలొకతె రెండేండ్లు అంగడిమాత్రలతో నెట్టుకొనివచ్చినది. మాత్ర మ్రింగిననాడు నొప్పి లేదు. కావున రోగమే లేదనుకొనిరి. ఆ మాత్రలలో స్టెరాయిడు కలదట. మొగము ఉబ్బినది, వ్రేళ్లు వంకరపోయినవి. పిదప నిపుణుని మందుతో వాపు తీసినది గాని వంగిన వ్రేళ్లు చక్కబడలేదు. ఆమె కూతురికి జడ నిప్పుడు పొరుగింటివారు వేయుచున్నారు.

అన్ని కీళ్లబాధలును ఇదియే యనరాదు. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు మన జిల్లా నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు బిగిసిపోవుటను వెల్లడించిరి. 2006లో చికున్‌గున్యా మన రాష్ట్రమున ఎందఱి కీళ్లను పట్టినదో మీకు జ్ఞాపకమే. ఆ జ్వరము పోయి మూడు నెలలైనను వాపు పోనిచో నిపుణునికి చూపవలెను. ఒక్క కీలు హఠాత్తుగా ఎఱ్ఱబాఱి, కాలుచు, జ్వరము వచ్చినచో వారములు లెక్కింపక ఆనాడే ఆసుపత్రికి కొనిపోవుడు.

ముందుగా ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు డాక్టరుకు చూపి, పరీక్షలు చేయించి, ఆయనచే జాబు వ్రాయించుకొనుడు. మనకు మదరాసు దగ్గఱ; అచ్చటి మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఈ శాఖ కలదు. వేలూరు క్రైస్తవ వైద్యశాలలోను, హైదరాబాదు నిమ్సులోను గలదు. వాపు ఏ తేదీన పుట్టినదో వ్రాసికొని, మ్రింగిన మాత్రల అట్టలతోసహా తీసికొనిపోవుడు. సిగ్గుపడి అంగడిమాత్రలను దాచవలదు. వానిని మీయంతట మీరు హఠాత్తుగా మానుటయు ప్రమాదమే.

అచ్చట తఱచుగా నిచ్చు మందు మెథోట్రెక్సేటు. గర్భిణులు దీనిని వాడరాదు. బిడ్డను కోరువారు ముందే డాక్టరుతో చెప్పవలెను. ఇది వారమున కొక్కమాఱే. దినదినము మ్రింగిన ప్రాణాపాయము. చదువురాని రోగి యింట ఆ వార మేదో పెద్దలే గోడపై వ్రాసి, ఆనాడు మాత్ర చేతికీయుడు.