కుక్కకాటు కాగితాన్ని పెండింగులో పెట్టకండి

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను డాక్టరును కాను. 36 ఏళ్లు గుమాస్తాగిరీ చేసి 2008లో రిటైరైనవాణ్ణి. బి.పి., షుగరు, మోకాళ్ల నొప్పుల గురించి మీకు నాకంటె ఎక్కువే తెలుసు. అందుచేత, మనం రోజూ కళ్లెదుట చూస్తూ పట్టించుకోని ఒక విషయం ఎంచుకున్నాను. అది రేబిస్, అంటే మనవాళ్లు పిచ్చికుక్క కాటు జబ్బు అనేది. దీని గురించి మాట్లాడడానికి నాకు ఒక సొంత కారణం ఉంది. ముందు అది చెబుతాను.

1979 నాటి మాట. నేను ఒక ఆఫీసులో సెలవుల సీటు చూసేవాణ్ణి. మా అటెండరు సరూర్‌నగర్ చెరువు వైపు నుంచి సైకిలు మీద వచ్చేవాడు. అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే ఇంత జనం లేరు. ఒక రోజు పొద్దున్నే దారిలో కుక్క పిక్క పట్టుకుంది. ఇంట్లో పసుపు, కారం కలిపి గాయానికి అద్దారు. మరునాడు ఎవరో చెప్పగా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు వెళ్లాడు. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు, రోజుకొకటి. గొర్రె మెదడు నుంచి తయారయ్యే మందు అది. మహా నొప్పి.

అయిదు ఇంజక్షన్లయ్యాక అతను సెలవు దరఖాస్తుతో నా బల్ల దగ్గరకు వచ్చాడు. ఖాతా చూస్తే సెలవు నిల్వ లేదు. మెడికల్ సర్టిఫికెట్ జత చేయలేదు. "సార్, ఇంకా తొమ్మిది ఉన్నాయి" అన్నాడు. "సర్టిఫికెట్ తెచ్చుకోవయ్యా, అప్పుడు చూద్దాం" అని, అబ్జెక్షన్ రాసి కాగితం తిప్పి పంపాను. జీతం పోతుందని భయపడి మరునాటి నుంచి డ్యూటీకి వచ్చేశాడు. గాయం మానింది. అతనూ మరిచాడు, నేనూ మరిచాను.

రెండున్నర నెలల తర్వాత అతనికి జ్వరం వచ్చింది. కరిచిన చోట తిమ్మిరి, మంట. మూడో నాటికి గ్లాసులో నీళ్లు చూస్తే గొంతు పట్టేసేది. ఫ్యాను గాలి తగిలినా వణికిపోయేవాడు. నల్లకుంట జ్వరాల ఆసుపత్రిలో, అదే మన కోరంటి దవాఖానాలో చేర్చారు. నేను చూడబోయాను. తెలివి ఉన్నంతసేపూ నన్ను గుర్తుపట్టి "సార్" అనే పిలిచాడు. మరి రెండు రోజులకు పోయాడు.

ఆ తొమ్మిది ఇంజక్షన్లూ పడి ఉంటే బతికేవాడా అని ఒక డాక్టరుగారిని అడిగాను. "చెప్పలేమండీ" అన్నారు. నేను రాసిన అబ్జెక్షన్ రూల్సు ప్రకారం సరైనదే. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. కాని ఆ "చెప్పలేము" అన్న మాట ఇన్నేళ్లుగా నా దగ్గర పెండింగులోనే ఉంది. అతని కుటుంబ పెన్షను కాగితాలు నేనే పెట్టాను. ఆ ఫైలును ఎల్.డిస్. చేశాను గాని, ఈ ఫైలును చేయలేకపోయాను. ఈ రోజు మీ ముందు నిలబడడానికి కారణం అదే.

మిత్రులారా, ఈ జబ్బు తీరు తెలుసుకుంటే భయం తగ్గుతుంది, జాగ్రత్త పెరుగుతుంది. జబ్బు చేసిన జంతువు లాలాజలంలో వైరస్ ఉంటుంది. కాటు ద్వారానో, గోటి గీత ద్వారానో, పుండు మీద నాకడం ద్వారానో మన ఒంట్లోకి వస్తుంది. అది నరాల వెంట మెల్లగా మెదడుకు ప్రయాణం చేస్తుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు, కొందరిలో వారమే, మరికొందరిలో ఏడాది దాకా పడుతుంది. ముఖం, మెడ, చేతులు కరిస్తే ప్రమాదం ఎక్కువ. మెదడు చేరి లక్షణాలు బయటపడిన తర్వాత దాదాపు ఎవరూ బతకరు. అంతకుముందే సరైన చికిత్స సకాలంలో పూర్తిగా జరిగితే దాదాపు ఎవరూ చనిపోరు. కాటుకు, జబ్బుకు మధ్య దొరికే ఆ వ్యవధి ఒక్కటే మన చేతిలో ఉన్నది.

ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది దీనితో మరణిస్తున్నారని అంచనా. కుక్క కరిచి చికిత్స అవసరమయ్యే వారిలో నూటికి 40 మంది 15 ఏళ్ల లోపు పిల్లలే. కుక్కే ముఖ్య కారణం. పిల్లి, కోతి, ముంగిస కరిచినా అశ్రద్ధ పనికిరాదు.

దీనికి టీకా కనిపెట్టిన లూయీ పాశ్చర్ కూడా డాక్టరు కారు, రసాయన శాస్త్రజ్ఞులు. 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుడికి మొదటిసారి టీకా ఇప్పించి బతికించారు. మన దక్షిణాదిన 1907లో కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. ఆ తర్వాత చాలాకాలం గొర్రె మెదడు మందే దిక్కయింది. దానివల్ల కొందరికి పక్షవాతం వంటి బాధలు కూడా కలిగేవి. 2005 నాటికి మన దేశంలో ఆ మందు వాడకం ఆపివేశారు. ఇప్పటివి సురక్షితమైన టీకాలు, బొడ్డు జోలికి పోనివి. పెద్దవాళ్లకు జబ్బకే వేస్తారు. కాబట్టి "14 ఇంజక్షన్లు" అని పిల్లలను బెదిరించడం మానండి.

ఆ బెదిరింపు ఎంత చేటో మా ఇంట్లోనే చూశాను. కిందటేడు చైతన్యపురిలో మా వీధి కుక్కపిల్ల ఒకటి ఎనిమిదేళ్ల మా మనవడి చేతిని పట్టుకుంది. తిడతామని వాడు పొడుగు చేతుల చొక్కా వేసుకుని దాచాడు. రాత్రి అన్నం కలిపి పెడుతూ వాళ్ల నాయనమ్మ చూసింది. "చిన్న గీతే కదా, పసుపు పెట్టనా?" అంది. నాకు 1979 గుర్తుకు వచ్చింది. వాణ్ణి కుళాయి దగ్గరకు తీసుకువెళ్లి, గడియారం చూసుకుంటూ పావుగంట సబ్బుతో కడిగాను. వాడు ఏడ్చాడు, నేను ఆపలేదు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాం. వాడు కోర్సంతా పూర్తి చేశాడు. ఇప్పుడు బాగున్నాడు.

కాబట్టి చేయవలసిన పనులు వరుసగా రాసుకోండి.

ఒకటి. వెంటనే కారుతున్న నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఈ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు దాన్ని విరగ్గొడుతుంది. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏవీ పెట్టవద్దు. కట్టు కట్టవద్దు.

రెండు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నారాయణగూడ, నల్లకుంట సంస్థలు మనకు తెలిసినవే. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా ఏ వేళల్లో వేస్తారో ఇప్పుడే విచారించి, గోడ మీద రాసి పెట్టుకోండి.

మూడు. చర్మం తెగి రక్తం వస్తే టీకా ఒక్కటే చాలదు. గాయంలోనూ, చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కించాలి. టీకా పని మొదలు పెట్టేలోగా కాపలా కాసేది అదే. డాక్టరు మరిచినా మీరు అడగండి.

నాలుగు. కండకు వేసే టీకా అయితే 0, 3, 7, 14, 28 రోజులలో అయిదు. చర్మంలో వేసేదయితే 0, 3, 7, 28 రోజులలో. సున్నా రోజు అంటే కరిచిన రోజు కాదు, మొదటి టీకా వేసిన రోజు. తేదీలు క్యాలెండరులో ఎర్ర సిరాతో రాయండి. గాయం మానిందని మధ్యలో మానకండి. ఇదివరకు పూర్తి కోర్సు తీసుకున్నవారికి 0, 3 రోజులలో రెండు చాలు. ఆ చీటీ పెన్షను పుస్తకంతో సమానంగా భద్రపరచండి.

అయిదు. కుక్కను పది రోజులు గమనించడం మంచిదే. అయితే అది టీకా మొదలుపెట్టాక చేసే పని. ఆలస్యమైపోయిందని ఊరుకోవద్దు. వారాలు గడిచినా సరే, వెళ్లి తీరాలి. షుగరు, బి.పి. ఉన్నా, గర్భిణులైనా టీకా వేయించుకోవచ్చు. పథ్యమేమీ లేదు. వాడుతున్న మందుల చీటీ మాత్రం చూపండి.

ఇక వీధి కుక్కల విషయం. 2023 ఫిబ్రవరిలో మన పొరుగు అంబర్‌పేటలో కుక్కల గుంపు దాడిలో నాలుగేళ్ల బాలుడు చనిపోవడం మనందరినీ కలచివేసింది. అది రేబిస్ కాకపోయినా, వీధుల పరిస్థితి చెప్పింది. ఒక వీధి కుక్కలను తరిమేస్తే పక్క వీధివి వచ్చి చేరతాయి. కుక్కలలో నూటికి 70కి టీకా పడితే జబ్బు గొలుసు తెగుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, టీకా వేసిన కుక్కకు చెవి కొద్దిగా కత్తిరించి ఉంటుంది. మీ వీధిలో అటువంటివి ఎన్ని, కానివి ఎన్ని అని లెక్క రాయండి. ఆ లెక్కతో కాలనీ తరఫున నగరపాలక సంస్థకు అర్జీ పెట్టండి. అర్జీ రాయడం మనకంటె ఎవరికి బాగా తెలుసు? చికెను వ్యర్థాలు రోడ్డు మీద పారేయకుండా దుకాణాలవారితో మాట్లాడండి. పెంపుడు కుక్కకు మూడు నెలల వయసులో మొదటి టీకా వేయించి, తర్వాత ఏటా వేయించండి. జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలలలో ఉచితంగా వేయడం ఆనవాయితీ. ఉదయం నడకలో కుక్క మొరిగితే పరుగెత్తవద్దు. కళ్లలోకి చూడకుండా కదలక నిలబడండి.

అన్నిటికంటె ముఖ్యం, ఈ రాత్రి భోజనాల దగ్గర మనవలకు ఒక్క మాట చెప్పండి: "కుక్క గీరినా మాకు చెప్పండి, తిట్టం." సర్వీసులో ఎన్నో కాగితాల మీద అర్జెంటు స్లిప్పు పెట్టాం. నిజంగా అర్జెంటయిన ఒక కాగితాన్ని నేను తిప్పి పంపాను. మీరు పంపకండి.