కనబడని ఆవిరి
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

2024 ఆగస్టు 5న పాల్వంచలో పాత కేటీపీఎస్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ కూల్చేశారు. ఆ వీడియో మన బ్యాచ్ గ్రూపులో పెట్టి ఒక మిత్రుడు "పొగగొట్టాలు పోయినయ్" అని రాశాడు. నవ్వుకున్నాను. తొమ్మిదో తరగతి టూరులో వాటిని మొదటిసారి చూసి నేనూ "అబ్బో, ఎంత పొగ!" అన్నవాణ్ణే. మన సైన్స్ సారు కోప్పడలేదు. "పొగైతే మసేదిరా? మీ ఇంట్ల రంజన్‌ల నీళ్లు ఎట్ల సల్లబడతయో చెప్పు" అన్నారు. నేను తెల్లమొహం వేశాను.

మన నాన్నలు గనుల్లోంచి తీసిన బొగ్గు వేడిలో కరెంటుగా మారేది మూడో వంతు, లేదంటే ఇంకొంచెం ఎక్కువ. దాదాపు సగం వేడి కండెన్సర్ దగ్గరే మిగిలిపోతుంది. టర్బైన్‌ను తిప్పి వచ్చిన ఆవిరిని అక్కడ మళ్లీ నీళ్లుగా మార్చాలి. గొట్టాల్లో పారే నీళ్లు ఆ వేడిని మోసుకుని టవర్‌కు వస్తాయి. అక్కడ వాటిని వానజల్లులా కిందికి వదులుతారు. లోపలి గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. కింద నుంచి కొత్త గాలి తనంతట తానే దూరుతుంది. టవర్ అంత ఎత్తు కట్టేది అందుకే. నూరు లీటర్లలో ఒకటి రెండు లీటర్లు ఆవిరైపోతూ మిగతా నీళ్లను చల్లబరుస్తాయి. రంజన్ చేసే పనీ ఇదే.

చలికాలం పొద్దున టవర్ మీద పెద్ద తెల్లమబ్బు కనిపిస్తుంది. చల్లగాలి తగిలి ఆవిరి సన్నని తుంపరవుతుంది కాబట్టి. మే నెల మధ్యాహ్నం ఏమీ కనబడదు. ఒకసారి మా ప్లాంటు బయట చాయ్ హోటలాయన "బందయిందా సారూ?" అని అడిగాడు. ఆ రోజు ఫుల్ లోడు నడుస్తోంది! పొడిగాలి ఆవిరిని కనబడకుండా తాగేస్తుంది. నిజానికి నీళ్లు ఎక్కువ పోయేది అప్పుడే. మా అమ్మ బిందె పట్టుకుని నల్లా దగ్గర గంటలు నిలబడిందీ ఆ నెలల్లోనే.

టవర్లున్న పాత కేంద్రాలు యూనిట్‌కు 3.5 లీటర్లు మించి నీళ్లు వాడొద్దని 2015లో కేంద్రం నిబంధన పెట్టింది. ఆ లెక్కన 500 మెగావాట్ల యూనిట్ ఒక్కటే గంటకు 17.5 లక్షల లీటర్ల దాకా వాడుకోవచ్చు. మన రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 2022లో 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు పూర్తయింది. దాని నీడలో నీళ్లు ఆవిరయ్యేది తగ్గుతుంది. అట్లాంటివి ఇంకా రావాలి. అందాకా ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను ఆపితే ఆదా అయ్యేది బొగ్గు ఒక్కటే కాదు, గోదావరి నీళ్లు కూడా అని మన పిల్లలకు చెబుదాం.

సారూ, ఆ రోజు మీకు జవాబు చెప్పలేకపోయాను. నలభై ఏళ్లు ఆలస్యంగా ఇవాళ చెప్పాను. సెలవు.