నిలబడి ఉన్న చెట్టు విలువ

(వనమహోత్సవం సందర్భంగా సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వనమహోత్సవం అనగానే మొక్క నాటుతాం, ఫొటో దిగుతాం, ఇంటికి వెళ్తాం. మొక్క నాటడం మంచిదే. అయితే ఈరోజు మన తాతముత్తాతల కాలం నుంచీ నిలబడి ఉన్న చెట్ల గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. రెండు వందల ఏళ్ల మర్రి కూలితే దాని బదులు రెండు వందల మొక్కలు నాటవచ్చు. కానీ ఆ నీడ మన మనవళ్లకు కూడా అందదు.

163వ నంబరు జాతీయ రహదారి మీలో చాలామందికి తెలుసు. కొడంగల్‌లో మొదలై చేవెళ్ల, హైదరాబాద్, వరంగల్, ఏటూరునాగారం మీదుగా వెళ్లి, గోదావరి దాటి, ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నంలో ముగుస్తుంది. అక్కడి నుంచి బీజాపూర్ వైపు వెళ్తే మద్దేడ్ వస్తుంది. రాష్ట్రం మారినా అక్కడ తెలుగు వినిపిస్తుంది. చుట్టూ టేకు, ఇప్ప, తునికి చెట్ల అడవి. ఆ ప్రాంతం పేరు చెబితే మనకు తుపాకుల వార్తలే గుర్తొస్తాయి. చెట్ల కోసం జరిగిన ఒక పెద్ద పోరాటం కూడా ఆ నేలదే అన్న సంగతి చాలామందికి తెలియదు.

అది 1859. దక్షిణ బస్తర్ అడవుల్లో కలప కొట్టే కాంట్రాక్టులు హైదరాబాద్ వ్యాపారుల చేతికి వెళ్లాయి. ఊరివాళ్లను ఎవరూ అడగలేదు. దోర్లలు, అంటే మన కోయలకు దగ్గరివాళ్లు, ఎదురుతిరిగారు. నాగుల్ దోర్ల నాయకుడు. భోపాలపట్నం జమీందారు రామ్ భోయీ, భేజ్జి జమీందారు జగ్గరాజు కూడా జనం పక్షాన నిలిచారు. ‘ఒక చెట్టుకు ఒక తల’ అన్నది వాళ్ల నినాదం. చరిత్రలో దీన్ని కోయి తిరుగుబాటు అంటారు. బ్రిటిష్ అధికారి గ్లాస్‌ఫర్డ్ చివరకు ఆ కాంట్రాక్టు పద్ధతిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ నినాదంలోని హింసను మనం మెచ్చుకోనక్కర్లేదు. గమనించాల్సింది మరొకటి ఉంది. అప్పుడు అక్కడ చెట్లను కాపాడే చట్టం లేదు, శాఖ లేదు. ఆ అడవి మాది అనుకున్న మనుషులు ఉన్నారు. అంతే.

ఇప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంగతి చెబుతాను. స్వాతంత్ర్యం వచ్చాక ఆదివాసీల సొంత పొలాల్లోని చెట్ల మీద వాళ్ల హక్కును కాపాడటానికి 1956లో మధ్యప్రదేశ్‌లో చట్టమే వచ్చింది. అయినా 1990లలో బస్తర్‌లో ఏం జరిగింది? టేకు చెట్లున్న పొలాలను దళారులు కారుచౌకగా రాయించుకున్నారు. వెంటనే చెట్లు నరికి అమ్ముకున్నారు. ‘మాలిక్ మక్బూజా’ కుంభకోణం అంటే ఇదే. లోకాయుక్త విచారణ జరిగింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. కానీ నరికిన చెట్టును ఏ తీర్పూ మళ్లీ నిలబెట్టలేదు కదా!

1859లో చట్టం లేకపోయినా జనం నిలిచారు. 1990లలో చట్టం ఉన్నా, తన పొలంలోని చెట్టు ఖరీదెంతో రైతుకు చెప్పినవాడు లేడు. ఆస్తి విలువ తెలియని యజమాని చేతిలో ఆస్తి నిలవదని మన వృత్తిలో ఉన్నవాళ్లకు వేరే చెప్పాలా?

విలువ అంటే కలప ధర ఒక్కటే కాదు. ఇప్పచెట్టునే తీసుకోండి. నరికితే ఒక్కసారే డబ్బు. ఉంచితే ఏటా వేసవిలో పువ్వు, ఆ తర్వాత నూనెకు గింజ, దశాబ్దాల తరబడి. మన భాషలో చెప్పాలంటే అసలు కదలకుండా ఏటేటా వడ్డీ ఇచ్చే డిపాజిట్ అది. అందుకే అడవిలో ఉండేవాళ్లు ఇప్పచెట్టు మీద గొడ్డలి వేయడానికి సులభంగా ఒప్పుకోరు. 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది కూడా ఇదే. అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును ఊరికి, గ్రామసభకు ఇచ్చింది.

ఇది అడవుల్లో ఉండేవాళ్ల సంగతి, మనకెందుకు అనుకోకండి. అదే 163వ రహదారి ఇటు చివరకు రండి. చేవెళ్ల దగ్గర రోడ్డుకు రెండువైపులా దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేయాలన్నారు. అది న్యాయమైన కోరికే. ఆ ఇరుకు దారిలో ఎన్నో ప్రాణాలు పోయాయి. చెట్లు కూడా ఉండాలని కొందరు పౌరులు చెట్టుచెట్టునూ లెక్కపెట్టి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. దాంతో ఎన్ని చెట్లను ఉన్నచోటే ఉంచవచ్చో చూడక తప్పలేదు. వాళ్లు మొదట చేసిన పని లెక్క రాయడం. లెక్కలో లేని చెట్టు మాయమైనా అడిగేవాడుండడు.

లెక్క రాయడం మనకు చేతనైన పనే కాబట్టి మూడు విన్నపాలు.

మొదటిది పిల్లలకు. మీ వీధిలో, మీ అమ్మమ్మగారి ఊళ్లో అన్నిటికన్నా పాత చెట్టు ఏదో కనుక్కోండి. మీ ఛాతీ ఎత్తులో దాని చుట్టుకొలత తీయండి, ఫొటో తీయండి, దాని సంగతులు పెద్దవాళ్లను అడిగి రాయండి. ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలని చట్టం చెబుతోంది. ఆ చెట్టును అందులో రాయించమని అమ్మానాన్నలతో కలిసి వెళ్లి అడగండి.

రెండోది ఇల్లు కట్టుకునేవాళ్లకు. స్థలంలో పెద్ద చెట్టు ఉంటే ప్లాను గీసే ముందే ఇంజనీరుకు చూపించండి. తెలుగు రాష్ట్రాల్లో 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. అనుమతి కోసం తిరిగే బదులు గోడను మూడడుగులు జరపడం తేలిక. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు మాత్రం పోయకండి, వేరుకు నీరు అందదు.

మూడోది ఏజెన్సీ శాఖల్లో పనిచేసే మిత్రులకు. అటవీ ఉత్పత్తులు సేకరించే మహిళా సంఘాలు మన కౌంటరు దగ్గరికి వచ్చినప్పుడు, ఆ ఏడాది ప్రభుత్వ మద్దతు ధర ఎంతో వాళ్లకు తెలిసిన భాషలో చెప్పండి. భూమి అమ్మకం డబ్బు ఖాతాలో పడి, యజమానికి బదులు మరెవరో ఆ డబ్బు కోసం తొందరపడుతుంటే ఒక్క క్షణం ఆగి, యజమానినే అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఆయన పొలాన్నీ, అందులోని చెట్లనూ నిలబెట్టవచ్చు.

ఈరోజు నాటే మొక్కలకు నీళ్లు పోద్దాం. వాటితోపాటు, ఎవరూ నీళ్లు పోయకుండానే ఇన్నేళ్లు మనకు నీడనిచ్చిన చెట్లకు అండగా ఉందాం.