నాన్నగారితో బెజవాడలో ఒక రోజు



చుట్టాలొస్తే బెజవాడలో ఏం చూపిస్తాం? దుర్గమ్మ గుడి, బ్యారేజీ, ఓపికుంటే ఓ సినిమా. మా నాన్నగారికి అవేవీ కొత్త కాదు. 1968 నుంచి 1994 దాకా ఆయన ఏలూరు రోడ్డులో ఒక ప్రెస్సులో కంపోజిటరుగా పనిచేశారు. ఆఫ్‌సెట్ మిషను వచ్చి సీసపు అక్షరాలు మూలపడ్డాక, గుడివాడ దగ్గర మా పల్లెకి వెళ్ళిపోయారు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా, “అమ్మాయ్, ఒకసారి ఏలూరు రోడ్డు పొడుగునా నడిచొద్దామే” అనేవారు. ఎండలు తగ్గనివ్వండి, పిల్లల పరీక్షలు కానివ్వండి అంటూ రెండేళ్ళు నెట్టేశాను.

మొన్న మాఘమాసంలో కంటిడాక్టరు నీటికాసులన్నారు. ఎడమకన్ను చాలావరకూ పోయింది. కుడికంట్లోనూ పక్కచూపు తగ్గింది. పోయిన చూపు తిరిగి రాదట. చుక్కలమందు వేస్తూ ఉన్నదాన్ని కాపాడుకోవాలట. గుమ్మాలకీ, స్టూళ్ళకీ తగులుకుంటూంటే ముసలితనం అనుకున్నాం. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అలా తగులుకుంటూంటే మాలాగా సరిపెట్టుకోకండి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే క్యారియరు సర్ది, “పదండి నాన్నగారూ” అన్నాను.

ముందు ప్రకాశం బ్యారేజీకి వెళ్ళాం. 2024 సెప్టెంబరు వరదలో 11 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీళ్ళు దీన్ని దాటిపోయాయి. పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. ఆ సంగతి చెప్తూంటే నాన్నగారు గేట్లు లెక్కపెట్టడం మొదలెట్టారు. మొత్తం 70. పదకొండో దాని దగ్గర ఆపేసి, “ఇక చాల్లే” అన్నారు. అటు కొండ పక్కన 2020లో తెరిచిన ఫ్లైఓవరు చూపిస్తే, “మన రోడ్డు దానికింద ఉందా, పోయిందా?” అని అడిగారు.

తరవాత ఆటో ఎక్కాం. “బస్టాండు మీదుగా పోనీ బాబూ” అన్నారాయన. ఆయన లెక్కలో బస్టాండంటే గవర్నర్‌పేటలోని పాత బస్టాండు. కుర్రాడు నెహ్రూ బస్‌స్టేషను వైపు తిప్పాడు. అది 1990లో వచ్చింది. వాడు అప్పటికి పుట్టి ఉండడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పనలేకపోయాను. స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం చూసి, ఒకప్పుడు జనవరిలో పుస్తకాల పండగ జరిగిన చోటు ఇదేనా అని అడిగి మరీ రూఢి చేసుకున్నారు.

ఏలూరు రోడ్డులో అసలు కష్టం మొదలైంది. నడవాల్సిన చోటల్లా స్కూటర్లు. పక్కనుంచి వచ్చేవాళ్ళు ఆయనకి కనపడరు. చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నారు. రెండోసారి ఒక బండి హేండిలు పొట్టలో తగిలేసరికి, “మీకు కనపడదు కదా, చెప్తే వినరేం?” అని నడిరోడ్డు మీద గట్టిగా అరిచేశాను. చుట్టూ వాళ్ళు తిరిగి చూశారు. నాన్నగారు మాట్లాడలేదు. నా నోరు పడిపోతే బాగుండుననిపించింది.

ప్రెస్సు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. చిన్నప్పుడు నేను క్యారియరు పట్టుకెళ్ళిన గుమ్మం పోయి, నిలువెత్తు అద్దాల తలుపులు వచ్చాయి. లోపలున్న కుర్రాడు మంచివాడు. స్టూలు వేసి మంచినీళ్ళిచ్చాడు. “ఇదిగో, ఇక్కడుండేవి కేసులు” అని నాన్నగారు చేత్తో చూపించారు. తెలుగుకి అరలు ఒకటా రెండా? గుణింతాలకి వేరు, ఒత్తులకి వేరు. చూడకుండానే చెయ్యి ఆ అరలోకి వెళ్ళాలి. అక్షరాలేమో అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి.

ఆ మాట అంటూ తలుపువైపు చూశారు. దాని మీద బైటివాళ్ళకోసం ఏదో రాసి ఉంది. లోపలినుంచి చూస్తే నాకు గీతల్లా తోచింది. నాన్నగారు గడగడా చదివేశారు: “పాత ఫోను ఇచ్చి కొత్త ఫోను తీసుకెళ్ళండి.” చదివి, “‘కొత్త’లో త వత్తు ఊడిపోయింది బాబూ, అతికించుకో” అన్నారు.

కుర్రాడు నమ్మలేక బైటికెళ్ళి చూసి, నవ్వుతూ వచ్చాడు. నిజంగానే వత్తు లేదు.

మెట్లు దిగేటప్పుడు నాన్నగారు తనంతట తనే నా భుజం మీద చెయ్యి వేశారు. “రోడ్డుకి రెండో వైపు చూడలేదే, వచ్చేవారం వద్దాం” అన్నారు. అలాగేనన్నాను. నాలుగైంది, చుక్కలమందు వేళ దాటిపోతోంది.