రంగూను పతనము – మన వంటయిల్లు

రెండవ ప్రపంచయుద్ధపు మలుపులేవియని అడిగినచో, చరిత్ర చదివిన ఏ విద్యార్థియైనను మిడ్వే, ఎల్ అలమీను, స్టాలిన్‌గ్రాడు అని వరుసగా చెప్పును. ఆ లెక్క సరియైనదే. 1942 జూనులో మిడ్వేకడ జపాను నాలుగు విమానవాహక నౌకలను కోల్పోయెను. ఆ యేడు నవంబరులో జర్మను, ఇటాలియను సేనలు ఎల్ అలమీనునుండి వెనుదిరిగెను. 1943 ఫిబ్రవరి 2వ తేదీన స్టాలిన్‌గ్రాడులో మిగిలిన జర్మను సైన్యము లొంగిపోయెను. అంతవరకు దండెత్తి వచ్చినవారు, అటుపై తమ్ము తాము కాచుకొనవలసినవారైరి.

అయితే పుత్తూరుకు చేరువ కొండల నడుమనున్న మా కార్వేటినగరము వంటి ఊళ్ల లెక్క వేరు. అక్కడివారికి యుద్ధము మలుపు తిరిగిన దినము 1942 మార్చి 8వ తేదీ. ఆనాడు రంగూను జపానువారి వశమయ్యెను.

సారంగపాణి పదములకును, వేణుగోపాలస్వామి కోవెలకును, స్కందపుష్కరిణికిని పేరుగన్న ఊరికి, రాగిసంగటి తిను సీమకు, రంగూనుతో ఏమి పొత్తని శ్రోతలు అడుగవచ్చును. పొత్తు రెండు వస్తువులతో గలదు. ఒకటి బియ్యము, రెండవది కిరసనాయిలు.

యుద్ధమునకు ముందు బర్మానుండి ఏటా పదిలక్షల టన్నులకు మించిన బియ్యము మన దేశమునకు దిగుమతి యగుచుండెను. అది ఆగినంతనే పట్టణములలో కొరత పుట్టెను. పట్టణపు కొరత పల్లెధాన్యమును తనవైపు లాగుకొనును. బియ్యము కొనలేనివారు రాగులు కొందురు. అంతట రాగుల ధరయు పెరుగును. ఈ రీతిగా, బర్మా బియ్యమును కన్నులజూడని కూలివాని సంగటిముద్ద సైతము చిన్నదయ్యెను. బర్మా నూనెబావులు జపానువారికి దక్కరాదని 1942 ఏప్రిల్‌లో ఆంగ్లేయులే వానిని ధ్వంసము చేసిరి. కిరసనాయిలు కరవగుటచే ఇండ్లలో దీపము త్వరగా ఆర్పవలసివచ్చెను.

ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. చెన్నపట్టణమునుండి జనులు పిల్లాపాపలతో లోపలి ఊళ్లకు తరలిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము వాల్తేరు విడిచి గుంటూరు చేరెను. బర్మానుండి నాలుగైదు లక్షలమంది భారతీయులు బయలుదేరి వచ్చిరి. వారిలో రంగూను రేవున మూటలు మోసిన తెలుగువారును అనేకులు. అడవిదారులబడి నడచినవారిలో ఎందరో ఆకలికిని, జ్వరములకును బలియైరి.

1943లో బంగాళమున ఘోరమైన కరవు వచ్చెను. బర్మా బియ్యము ఆగుట దానికొక కారణము మాత్రమే. యుద్ధపు ఖర్చుతో ధరలు మండుట, వర్తకులు సరకు దాచుట, శత్రువు చేతబడునని ప్రభుత్వమే పడవలను పట్టుకొనుట, సకాలమున ధాన్యము పంపకుండుట తోడయ్యెను. సుమారు ముప్పదిలక్షలమంది మరణించిరని అంచనా. ఆ యేడే బట్టకును, నూలుకును నియంత్రణ వచ్చుటచే, నగరి, నారాయణవనము వంటి చోట్ల మగ్గమునే నమ్ముకొన్నవారు నూలుకై ఎదురుచూడవలసివచ్చెను.

తూర్పున యుద్ధము 1944లో ఇంఫాలు, కొహిమాలకడ మరలెను. 1945 మే నెలలో రంగూను తిరిగి ఆంగ్లేయుల చేతికి వచ్చెను. ఆ నెలలోనే జర్మనీ లొంగిపోయెను. ఆగస్టు 6న హిరోషిమాపైనను, 9న నాగసాకిపైనను అణుబాంబులు పడెను. సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రముపై సంతకము చేసెను. యుద్ధము ముగిసినదని రేడియోలు చాటెను.

వంటయింటిలో మాత్రము అది ముగియలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1947 డిసెంబరులో, గాంధీమహాత్ముని కోరికపై ఆహారనియంత్రణలను సడలించిరి. ధరలు పెరుగుటచే 1948లో మరల విధించిరి. తుదకు 1952లో మద్రాసు రాష్ట్రమున రాజాజీ ప్రభుత్వము వానిని ఎత్తివేసెను. చిత్తూరు జిల్లా అప్పటికి ఆ రాష్ట్రములోనిదే. అనగా, చరిత్రగ్రంథములలో ఆరేండ్లు సాగిన యుద్ధము, మన గృహిణుల లెక్కలో 1942 మొదలు 1952 దాక పదేండ్లు సాగినది.

నాటి సైనికులకు స్మారకస్తంభములు కలవు. కొలపాత్రతో ఆ పదేండ్లు ఇల్లు నడిపిన తల్లులకు అట్టివి లేవు. ఊరూర నున్న చౌకధరల దుకాణమే వారి స్మారకమని మేము తలంతుము. ఆ యేర్పాటు ఆ యుద్ధకాలపు రేషనునుండి పుట్టినదే.

2022లో ఉక్రెయిన్‌లో యుద్ధము రాగా, మన అంగళ్లలో పొద్దుతిరుగుడు నూనె ధర పెరుగుట మనమందరము చూచితిమి. కావున దూరదేశమున యుద్ధమను వార్త వినబడినపుడు, ఎవరు గెలుచుచున్నారని అడుగుటతో ఆగక, అక్కడినుండి మన యింటికి వచ్చుచున్నదేదియని కూడ అడుగుదము. ఆ ప్రశ్న ముందుగా వేసికొన్న దేశము, బీదవాని ముద్ద చిన్నది కాకముందే మేల్కొనగలదు.