ఉబ్బసపు బిడ్డలు – నాసికా టీకా



గ్రంథపఠనమునకు ఫలము నిష్కారణమగు భయము తొలగుట. అట్టి భయమొకటి తల్లులను బాధించుచున్నది: ఉబ్బసముగల బిడ్డకు ఫ్లూ టీకా వేయింపవచ్చునా?

చరకసంహిత ఐదు విధములగు శ్వాసరోగములను చెప్పినది. అందలి తమకశ్వాసమే లోకమున ఉబ్బసము. కళ్ళములోని ధూళియు, పలాస ప్రాంతపు జీడిపిక్కలు కాల్చు పొగయు ఇట్టి బిడ్డకు శత్రువులు. ఇన్‌ఫ్లూయెంజా అంతకంటె ప్రబలశత్రువు. ఇతరులకు నాలుగు దినముల జ్వరమైనది వీరికి పిల్లికూతలు రేపి, ఆసుపత్రి పాలుచేయగలదు.

దీనికి టీకాలు రెండు తెఱగులు. సూదిమందులో నున్నది నిర్జీవమగు క్రిమి. ముక్కున చిమ్ము మందులో నున్నది సజీవమే, కాని బలహీనము. అది నాసికలోని చల్లదనమున పెరుగునుగాని ఊపిరితిత్తుల వెచ్చదనమున పెరుగజాలదు. పూనాలోని సీరమ్ సంస్థవారు 2010లో ‘నాసోవాక్’ అను పేర ఇట్టి మందును విడుదల చేసిరి. హైదరాబాదు భారత్ బయోటెక్ వారు 2023లో వెలువరించిన నాసికా టీకా వేరు. అది పెద్దలకై చేసిన కోవిడ్ టీకా.

సజీవమగుటచేతనే జాగ్రత్త అవసరము. రెండేండ్లలోపు శిశువులలో పిల్లికూతలు హెచ్చినట్లు కనబడుటచే వారికిది ఈయరు. రెండు మొదలు నాలుగేండ్ల వయసులో ఉబ్బసముగాని, గడచిన యేడాదిలో పిల్లికూతలుగాని యున్నచో అమెరికావారు దీనిని నిషేధింతురు. బ్రిటనువారు ఉబ్బసమున్నను ఇత్తురు. అయితే 72 గంటలలో ఆయాసము హెచ్చినచో వాయిదా వేయుదురు.

ఈ మందు కోడిగ్రుడ్లలో పెంచబడును. కావున గ్రుడ్డు సరిపడని పిల్లలకు హాని యని పూర్వము శంకించిరి. బ్రిటనులో అట్టి 779 మందికి ఈ మందిచ్చి పరిశీలింపగా, ఒక్కరికైనను దేహమంతట వ్యాపించు తీవ్రమగు వికారము కలుగలేదని 2015లో ప్రకటించిరి.

నాసికా మందు తగదన్నంతమాత్రమున టీకాయే వలదనరాదు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారు ఆరునెలలు మొదలు ఐదేండ్లవరకు బిడ్డలందరికిని, ఉబ్బసము వంటి రోగములున్నచో ఆపైనను, ఏటేట సూదిమందు వేయింపుమనుచున్నారు.

పద్దు రెండువైపుల చూడవలెను. ఒకవైపు టీకావలని స్వల్పమగు ఇబ్బంది. రెండవవైపు జ్వరమువలని ముప్పు. బిడ్డ వయసు, కడపటిసారి ఆయాసము వచ్చిన దినము, సరిపడని వస్తువులు, వాడుచున్న మందులు – ఈ నాలుగును చీటిపై వ్రాసికొని వైద్యుని సంప్రదింపుడు. నిత్యము పీల్చు మందును మాత్రము మానిపింపకుడు. ఊపిరి నిలిచిన బిడ్డయే రేపు ఈ గ్రంథాలయమున పుస్తకము తెఱచును.